నీళ్లొచ్చేలోగా

ఈ పూట ఆఫీసుల్లో మనకు అప్పగించే పెద్ద పనుల గురించి కాసేపు మాట్లాడుకుందాం. రోజూ వెళ్లి చేసే పని కాదు నేను చెప్పేది. ఒక మొదలు, ఒక చివర, మధ్యలో పదిమంది మనుషులు, వాళ్లను నడిపించడానికి ఒకరు ఉండే పని. పాత రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం కావచ్చు. ఆస్పత్రిలో కొత్త వార్డు తెరవడం కావచ్చు. బ్యాంకు బ్రాంచిని లావాదేవీలు ఆగకుండా వేరే భవనంలోకి మార్చడం కావచ్చు. మాదాపూర్‌లో ఓ కంపెనీ తన క్లయింటుకు సాఫ్ట్‌వేర్ అప్పగించడం కావచ్చు. "దీని సంగతి మీరు చూడండి" అని పైఅధికారి ఒక్క మాట అనేసి కారెక్కుతారు. ఆ రాత్రి నుంచే మనకు నిద్ర తగ్గుతుంది.

ఇటువంటి పనులు ఎందుకు చతికిలబడతాయో చెప్పే పుస్తకాలకు కొదవలేదు. వాటినిండా గళ్లూ బాణం గుర్తులూ ఉంటాయి. నాకు మాత్రం వాటికంటే నాగార్జునసాగరే ఎక్కువ నేర్పింది. మనలో చాలామంది ఆనకట్ట చూసి, లాంచీ ఎక్కి, కొండ మీది మ్యూజియం తిరిగి వచ్చినవాళ్లమే. ఆ లోయలో 1950లలో ఒకేసారి రెండు ప్రాజెక్టులు నడిచాయి. ఒకటి అక్కడ నీళ్లు నింపే పని. రెండోది ఆ నీళ్లు రాకముందే ముగించాల్సిన పని. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇవాళ మన ఆఫీసుల్లో ఎదురయ్యే చిక్కులు చాలావరకు అక్కడే కనిపిస్తాయి.

అసలు పని మొదలుకాకముందే వచ్చే చిక్కు ఒకటుంది. తేల్చాల్సినవాళ్లు తేల్చరు. 1950ల మొదట్లో కృష్ణా నీటిని పెన్నా మీదుగా మద్రాసు వైపు తీసుకెళ్లే కృష్ణా–పెన్నార్ పథకం మద్రాసు ప్రభుత్వం చేతిలో ఉండేది. ఇటు కృష్ణా, గుంటూరు జిల్లాల జనం నందికొండ దగ్గర ఆనకట్ట కావాలన్నారు. నదికి అవతలి గట్టు హైదరాబాద్ రాష్ట్రానిది. ఎవరి లెక్కలు వాళ్లవి. విషయం పరిశీలించడానికి 1952లో ఖోస్లా కమిటీ వచ్చింది. తీరా చూస్తే నందికొండ చేరడానికి సరైన దారే లేదు. ఆ ఆనకట్ట కోసం కాలికి బలపం కట్టుకు తిరిగిన ముక్త్యాల రాజా, వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్, చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని కూడగట్టి జీపులు పోయేలా బాట వేయించారని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కమిటీ వెళ్లి స్థలం చూసింది. నందికొండ వైపే మొగ్గింది.

రాజా దగ్గర వాదనలు లేక బాట వేయించలేదు. వాదనలు బోలెడున్నాయి. చూడాల్సినవాళ్లు చూడాల్సిన చోటికి రాలేకపోతే అవి ఎందుకూ కొరగావని ఆయనకు తెలుసు. మన ఆఫీసులో ఫైలు ఆగిందంటే "పైవాళ్లకు ఇష్టం లేదు" అని వెంటనే అనేసుకుంటాం. చాలాసార్లు వ్యవహారం అంత దూరం ఉండదు. మనం నలభై పేజీల నోటు పంపాం, పైఅధికారి చదవగలిగింది అరపేజీ. ఖర్చెంతో రాశాం, ఏ పద్దు కిందో రాయలేదు. రేపు ఆడిట్‌వాళ్లు కొర్రీ వేస్తారేమోనని ఆయన భయం, ఆ భయానికి మన నోటులో జవాబు లేదు. ఫైలు ఎవరి బల్ల మీద ఉందో కనుక్కోవడానికి పది ఫోన్లు చేస్తాం. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి ఏం అడ్డమొస్తోందో మాత్రం అడగం. నన్నడిగితే, పని నడిపించేవాళ్లు మొదటి వారంలో చేయాల్సింది టైంటేబుల్ గీయడం కాదు. సంతకం పెట్టాల్సినవాళ్ల పేర్లు రాసుకుని, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "మీరు సరే అనాలంటే నా దగ్గర ఏముండాలి?" అని అడగడం. అడిగితే చిన్నతనమేమీ లేదు. చాలామంది చెబుతారు కూడా, ఇన్నాళ్లూ తమను ఎవరూ అడగలేదన్నట్టు.

ఇక ప్లాను సంగతి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ వచ్చి నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. అప్పటికి ఉత్తరాన భాక్రాలో కాంక్రీటు ఆనకట్ట పని సాగుతోంది. అక్కడ భారీ యంత్రాలు, వాటితో పని చేయించడానికి అమెరికా నుంచి వచ్చిన హార్వే స్లోకమ్. ఇక్కడా అదే దారి పట్టాలంటే యంత్రాలకు విదేశీ మారకం కావాలి, సిమెంటు కావాలి. రెండూ కరువే. మరి ఉన్నదేమిటి? రాయి ఉంది. రాతి పని ఎరిగిన మేస్త్రీలున్నారు. పని కోసం చూస్తున్న కూలీలు వేలల్లో ఉన్నారు. అందుకని రాతి కట్టడానికే సిద్ధపడ్డారు. పునాది నుంచి 124 మీటర్ల ఎత్తు లేచిన ఆ గోడ మనుషులు చేత్తో పేర్చిందే.

నాకు బాగా నచ్చే నిర్ణయమిది. లేమిని గొప్పగా చెప్పుకోవడానికి అనడం లేదు; ఆ కూలీల కష్టం చెప్పనలవి కానిది, ప్రమాదాల్లో పోయిన ప్రాణాలూ ఉన్నాయి. కానీ ప్లాను వేసినవాళ్లు ముందు చేతిలో ఉన్నదాన్ని లెక్కబెట్టారు, తర్వాతే గీత గీశారు. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. వచ్చే నెల ఇద్దరు కొత్తవాళ్లు చేరతారు, సర్వర్ వచ్చేస్తుంది, డిప్యుటేషన్ మీద వెళ్లినాయన తిరిగొస్తాడు అని రాసుకుంటాం. మూడూ జరగవు. అప్పుడు ప్లాను చెడిపోయిందంటాం. చెడిపోవడానికి అది ప్లాను కాదు, కోరికల చిట్టా.

సగం దారిలో మనుషుల్ని కలిపేస్తే సరిపోతుందనుకోవడం ఇంకో భ్రమ. ఐబీఎం కంపెనీలో 1960లలో ఓఎస్/360 అనే పెద్ద సాఫ్ట్‌వేర్ పనిని నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ఒక పుస్తకం రాశారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్తవాళ్లను చేరిస్తే ఆలస్యం ఇంకా పెరుగుతుందని అందులో తేల్చారు. కారణం తేలికే. కొత్తవాళ్లకు నేర్పాల్సింది పాతవాళ్లే, అంటే ఉన్న చేతుల్లో పని ఆగుతుంది. పైగా ఒకరికొకరు చెప్పుకోవాల్సినవి పెరుగుతాయి. ఐదుగురున్న చోట మాట్లాడుకునే జతలు పది. పదిమంది అయితే నలభై ఐదు. సాగర్‌లో రాళ్లు మోసే చోట ఈ గొడవ లేదు, ఇంకో వందమంది వస్తే ఇంకో వందమంది మోత పెరుగుతుంది. కాబట్టి మనుషులు కావాలని పైకి రాసేముందు మన పనిలో ఏ ముక్క రాయి మోయడం లాంటిదో, ఏది కాదో విడదీసి చూసుకోవాలి. రికార్డులు స్కాన్ చేయడానికి ఎంతమందినైనా పెట్టవచ్చు. ఏ రికార్డును ఏ పేరుతో దాచాలో నిర్ణయించడానికి ఇద్దరు చాలు, ఆరుగురైతే తగువే.

ఇప్పుడు ఆ రెండో ప్రాజెక్టుకొద్దాం. నాకు అసలు ఇష్టమైన కథ ఇది.

ఆ లోయలో క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉందని లోకానికి తెలిసింది 1926లో. ఎపిగ్రఫీ శాఖలో పనిచేసే ఎ. రంగస్వామి సరస్వతి ఆ శిథిలాలను గుర్తించారు. తర్వాత 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాఖ తరఫున లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. 1938లో టి. ఎన్. రామచంద్రన్ మరికొంత. అంతా నిదానంగా, నిధులున్నప్పుడు, తీరికున్నప్పుడు. ఈలోగా ఆనకట్ట ఖాయమైంది. ఆ లోయ మొత్తం నీట మునగబోతోంది. 1954లో పురావస్తు శాఖ డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టి 1960 దాకా సాగించింది.

తేదీలు మళ్లీ చూడండి. తవ్వకాలు 1954లో మొదలయ్యాయి. ఆనకట్టకు శంకుస్థాపన 1955 చివర్లో. అంటే నీళ్లు తెచ్చే పనికి రాయి వేయకముందే, నీళ్ల నుంచి కాపాడే పని మొదలైంది. మన దగ్గర ఎన్నిసార్లు ఇలా జరుగుతుంది? కొత్త సాఫ్ట్‌వేర్ రేపు మొదలనగా ఇవాళ సిబ్బందికి శిక్షణ పెడతారు. వార్డు ప్రారంభోత్సవానికి మంత్రిగారి తేదీ ఖరారయ్యాక, ఆక్సిజన్ లైను ఎవరు వేయాలన్న చర్చ మొదలవుతుంది.

ఆ లోయలో ఇంజనీర్ల పని ముందుకు సాగిన ప్రతి నెలా తవ్వకాలవాళ్లకు ఒక నెల తగ్గుతూ వచ్చింది. ఒక శాఖ గెలుపు మరో శాఖకు గడువు. ఇందులో ఎవరి తప్పూ లేదు. తప్పు ఎక్కడుంటుందంటే, పక్క విభాగం వాళ్ల తేదీని మన ప్లానులో రాసుకోకపోవడంలో. మన తేదీలు మనం గోడకు అంటించుకుంటాం, వాళ్లవి వాళ్లు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఉండరు. నడిపించేవాళ్ల పని ఆ మనిషి కావడమే.

మామూలు గడువుకూ ఆ గడువుకూ తేడా ఉంది. నదికి ఉత్తరం రాసి ఇంకో ఆరు నెలలు పొడిగించమని అడగలేరు. అటువంటప్పుడు తప్పించుకోలేని ప్రశ్న ఒకటి ఎదురవుతుంది: ఏది వదిలేద్దాం? పాతరాతియుగపు పనిముట్ల నుంచి ఇక్ష్వాకుల కోటగోడల దాకా ఆ లోయలో లేనిది లేదు. స్తూపాలు, విహారాలు, గుళ్లు, నదీతీరపు స్నానఘట్టాలు, మెట్లతో కట్టిన ప్రేక్షకాగారం. నూటికి పైగా చోట్ల తవ్వారు. అన్నిటినీ ఎత్తుకుపోవడం జరిగే పని కాదు. చివరికి తొమ్మిది కట్టడాలను రాయి రాయి విప్పి ఎత్తు ప్రదేశాల్లో మళ్లీ కట్టారు. మరో పద్నాలుగింటికి నమూనాలు తయారుచేశారు. మిగతావి కొలతలు, బొమ్మలు, ఫొటోలుగా కాగితాల్లోకి వెళ్లాయి. ఆ ప్రేక్షకాగారాన్ని అనుపు దగ్గర ఇప్పటికీ చూడవచ్చు, కొన్ని కట్టడాలు కొండ మీద ఉన్నాయి. తక్కినదంతా జలాశయం అడుగున ఉంది.

వదిలేయడం అనగానే ఏదో ఓడిపోయినట్టు అనిపిస్తుంది మనకు. అందుకే ఆ నిర్ణయం ఎవరూ తీసుకోరు. మీటింగులో పదిహేను అంశాలుంటే, "అన్నీ ముఖ్యమే సార్" అంటాం. అన్నీ ముఖ్యమన్నామంటే ఎంచుకునే బాధ్యత కాలానికి వదిలేశామన్నమాట. చివరి వారంలో ఏది చేతికందితే అది అవుతుంది, అందనిది పోతుంది. పోయింది అవసరమైనదో కాదో చూసేవాళ్లుండరు. సుబ్రహ్మణ్యం బృందం చేసిన పనిలో నేను చూసే తెలివి ఏమిటంటే, ఉంచడానికీ వదలడానికీ మధ్య మెట్లు పెట్టడం. ఇది విప్పి తీసుకెళ్దాం, దీనికి నమూనా చేద్దాం, దీన్ని కాగితం మీదైనా కాపాడుదాం. మీ పనిలోనూ అలా చేసి చూడండి. ఈ పది సౌకర్యాల్లో మూడు మొదటి రోజుకు పూర్తిగా కావాలి. నాలుగు చేత్తో నడిపినా ప్రస్తుతానికి గడుస్తుంది. మూడింటిని ఎలా చేయాలో రాసి పెడదాం, తర్వాత వచ్చేవాళ్లు చూసుకుంటారు. ఈ విభజన మొదటి నెలలో, అందరూ చల్లగా ఉన్నప్పుడు జరగాలి. చివరి నెలలో చేస్తే అది విభజన కాదు, కొట్లాట.

ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోతే అన్యాయం. ఆ లోయలో ఇంజనీర్లూ పురావస్తువాళ్లే కాదు, ఊళ్లవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లారు. రాళ్లు ఎక్కడికి వెళ్లాయో మనకు గైడు చెబుతాడు, మనుషులు ఎక్కడికి వెళ్లారో చెప్పడు. ప్రాజెక్టు వల్ల రోజువారీ బతుకు మారిపోయేవాళ్లను ఆఖర్న అడగడం మన పాత అలవాటు. కౌంటర్లో కూర్చుని రోజూ ఆ తెర మీద పనిచేసే గుమాస్తాని అడక్కుండా తయారైన సాఫ్ట్‌వేర్లు ఎన్ని లేవు! ఆమె పక్కన ఓ పాత నోటుపుస్తకం పెట్టుకుని లెక్కంతా అందులోనే రాసుకుంటూ ఉంటుంది, తెర మీద పేరుకు ఏదో నొక్కుతూ.

అంచనాల గురించి క్లుప్తంగా చెబుతాను. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్, ఆర్థికశాస్త్రంలో 2002 నోబెల్ అందుకున్నాయన, తన అనుభవమే ఒకటి చెప్పారు. ఇజ్రాయెల్‌లో బడిపిల్లల కోసం కొత్త పాఠ్యపుస్తకం తయారుచేసే బృందంలో ఆయన ఉన్నారు. ఎంతకాలం పడుతుందో అందరినీ విడివిడిగా రాయమంటే, అటూ ఇటూగా రెండేళ్లని రాశారు. ఆ రంగంలో పండిపోయిన ఒకాయన్ని, ఇలాంటి వేరే బృందాలకు ఎంత పట్టిందని అడిగారు. ఆయన ఆలోచించి, దాదాపు నలభై శాతం మంది అసలు పూర్తి చేయలేదని, చేసినవాళ్లకు ఏడు నుంచి పదేళ్లు పట్టిందని చెప్పారు. ఆ పెద్దమనిషి కూడా అంతకుముందు కాగితం మీద రెండేళ్లనే రాశారు! ఆ పుస్తకానికి చివరికి ఎనిమిదేళ్లు పట్టింది. పక్కవాళ్లకు ఎంత పట్టిందో మన తలలోనే ఉంటుంది, మన పనికొచ్చేసరికి గుర్తుకు రాదు. కాబట్టి "మనకు ఎంత పడుతుంది" అని అడగకండి. "పోయినసారి ఇలాంటిదానికి ఎంత పట్టింది" అని అడిగి, పాత ఫైలు తెప్పించుకుని చూడండి.

గడువును కళ్లెదుట ఉంచడంలో కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన ఇ. శ్రీధరన్ పద్ధతి అందరికీ తెలిసిందే. తాను నడిపిన కొంకణ్ రైల్వేలోనూ ఢిల్లీ మెట్రోలోనూ ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపే రివర్స్ గడియారాలు పెట్టించారు. చాలా ఆఫీసులు ఆ గడియారాన్ని కాపీ కొట్టాయి. ఆయన కొంకణ్ మార్గాన్ని ఏడు ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కను ఒక్కో చీఫ్ ఇంజనీరు చేతిలో పెట్టి, అక్కడికక్కడే తేల్చుకునే అధికారం ఇచ్చిన సంగతిని మాత్రం ఎవరూ కాపీ కొట్టలేదు. గడియారం చవక. అధికారం పంచడం ఖరీదు. ప్రతి చిన్నదానికీ మన సంతకమే కావాలని పట్టుపట్టి, గోడకు గడియారం తగిలిస్తే, కింది మనుషులకు మిగిలేది గుండెదడ ఒక్కటే.

ఆ దడలో వాళ్లు చేసేదేమిటో తెలుసా? అబద్ధం కాదు, అబద్ధం పక్కింటిది. "తొంభై శాతం అయిపోయింది సార్." ఈ వారం తొంభై. వచ్చే వారం తొంభై రెండు. నెల తర్వాత తొంభై అయిదు. ఆ చివరి అయిదు శాతంలోనే అసలు కష్టమంతా ఉంటుంది. శాతాలు అడగడం మానేసి, "ఇంకా ఏమేం మిగిలాయో చెప్పమ్మా, ఏది నీ చేతిలో లేదు?" అని అడిగి చూడండి. జాబితా బయటికొస్తుంది. చేదువార్త మొదట తెచ్చిన మనిషిని ఒక్కసారి అందరి ముందూ కసిరితే చాలు, ఆ తర్వాత మీకు శుభవార్తలే అందుతాయి, ఆఖరి రోజు దాకా.

ఇంతకీ సాగర్‌లో పనులు ముగిశాయా? 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లోయ మునిగింది. నీళ్లొచ్చేలోగా కావాల్సినది నీళ్లొచ్చేలోగా అయింది.

కానీ తవ్వకం అంటే రాళ్లు తీయడం ఒక్కటే కాదు, ఏం దొరికిందో లోకానికి రాసి చెప్పడం కూడా. 1954–60 తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. చారిత్రక యుగం గురించిన రెండో సంపుటం, అంటే ఇక్ష్వాకుల విజయపురి కథ ఉన్నది, 2006లో వచ్చింది. తవ్వకాలు ఆగిన 46 ఏళ్లకు. ఎవరి మీదా నింద వేయడానికి చెప్పడం లేదు. ఎండలో ఆ లోయలో ఆరేళ్లు పనిచేసినవాళ్ల శ్రమ తక్కువది కాదు. అదే శాఖ, అదే లోయ. ఒక పనికి నది గడువు పెట్టింది. రెండోదానికి ఎవరూ పెట్టలేదు.

మన ఆఫీసుల్లోనూ ప్రారంభోత్సవం రోజు ఫొటో దిగి, స్వీట్లు పంచుకుంటాం. మర్నాటికి బృందం చెదిరిపోతుంది. ఒకరికి బదిలీ, ఇంకొకరికి కొత్త పని, మరొకరు కంపెనీ మారతారు. మిషన్ మొరాయిస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఆ తాళం ఎక్కడుందో, కాంట్రాక్టరుకు ఇవ్వాల్సిన చివరి బిల్లు ఎంతో, ఏ సౌకర్యాన్ని ఎందుకు వదిలేశామో, ఇవన్నీ ఒకరిద్దరి తలల్లోనే ఉండిపోతాయి. రెండేళ్ల తర్వాత వచ్చినవాళ్లు అదంతా మళ్లీ మొదటి నుంచి తవ్వుకోవాలి. అందుకని మొదటి మీటింగులోనే, పనులు పంచేటప్పుడే, ఆ చివరి నోటు ఎవరు రాస్తారో పేరు పెట్టి, ప్రారంభోత్సవానికి ఓ పదిహేను రోజుల ముందు తేదీ వేసి, మినిట్స్‌లో ఎక్కించండి. రాసే మనిషిని ఆ నోటు పూర్తయ్యేదాకా వేరే పనికి పంపబోమని పైఅధికారి చేత కూడా సంతకం చేయించండి. ఆ సంతకం దొరకడం కొంచెం కష్టమే. అరపేజీ నోటుతో వెళ్లండి.